పటికకు లొంగనిది

ఏప్రిల్ 3

క్లోరిన్ సిలిండర్లు సరఫరా చేసేవాళ్ళు జనవరిలో పంచిపెట్టిన డైరీ ఇది. మూడు నెలలుగా మా నీళ్ల ప్లాంటు ల్యాబ్ సొరుగులో ఖాళీగా పడి ఉంది. రోజంతా రిజిస్టర్‌లో అంకెలు రాసేదాన్ని, అంకెలు కానివి రాసుకోవడానికి కూడా ఒక చోటు ఉంటే బాగుండుననిపించింది. ఇంట్లో చెప్పుకుందామంటే ఆయన ప్రతిదానికీ సలహా ఇస్తారు. డైరీతో ఆ బాధ లేదు.

రిజర్వాయర్ అడుగంటింది. పంపులు ఇప్పుడు తోడుతున్నవి అట్టడుగు నీళ్లు. పొద్దున్నే ఆరు జాడీల పరీక్ష పెట్టాను. ఆరింటిలోనూ అవే మడ్డినీళ్లు, ఒక్కోదానికి ఒక్కో మోతాదు పటిక. తెడ్లు తిరగడం ఆగాక జాడీల ఎదురుగా కూర్చుని చూడటం పందొమ్మిదేళ్లుగా నాకు ఇష్టమైన పని. కలిసిపోయి ఉన్న మడ్డి ముద్దలు కట్టడం మొదలుపెడుతుంది, ముద్దలు బరువెక్కి నింపాదిగా కిందికి దిగుతాయి. ఇవాళ అన్నిటికంటే ముందు తేరుకున్నది నాలుగో జాడీ. ఆ మోతాదు చీటీ మీద రాసి కిందికి పంపితే బాబాయ్ ట్యాంకులో కలుపుతాడు.

బాబాయ్ అంటే పటిక ఆపరేటర్. ఊరందరికీ పటికాయన. నాకంటే పదమూడేళ్లు పెద్ద. కలిపిన నీళ్లు చుక్క నాలుక మీద వేసుకుని మోతాదు ఇంత అని చెప్పేవాడు. చేరిన కొత్తలో నేను నమ్మక కొలిచి చూసేదాన్ని. అంతే వచ్చేది. నాలుగోసారి కొలవడం మానేసి బాబాయ్ అనడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం ఆయన పైకి వచ్చాడు. పిన్ని, అంటే వాళ్ళావిడ, నానబెట్టిన తెల్ల దుప్పటి మీద బూడిదరంగు చారలు పడ్డాయట. ట్యాంకు గోడ కూడా నల్లగా, జిగురుగా చేతికి తగులుతోందట. "ఏదో తేడాగా ఉందమ్మా, ఒకసారి చూడండి" అన్నాడు. నీళ్లు గాజు సీసాలో పట్టి వెలుగుకు పెట్టి చూశాను. ఏ మచ్చా లేదు. అడుగు నీళ్లు కదా, మడ్డి కాస్త తప్పించుకుని వస్తోందేమో, పటిక కొంచెం పెంచు బాబాయ్ అన్నాను. చీటీ రాయలేదు. భోజనానికి లేస్తూ చెప్పిన మాట అది.

ఏప్రిల్ 4

పటిక పెంచాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పిన్ని సబ్బు మార్చుకుంటే మంచిది.

ఏప్రిల్ 9

పొద్దున ఆరింటికి ఊరి కుళాయిలన్నిటిలో నల్లనీళ్లు వచ్చాయి. ఆస్పత్రిలో ఆపరేషన్లు ఆపేశారట. ఎనిమిదయ్యేసరికి మా గేటు దగ్గర రెండు వందలమంది జనం, చేతుల్లో బకెట్లు. ఇంజినీరు కారు దిగకుండానే వెనక్కి తిప్పుకుని పోయాడు.

బాబాయ్ గేటు తీసుకుని బయటికి వెళ్లి సర్దిచెప్పబోయాడు. ఒకావిడ బకెట్ ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించింది. ఆ తర్వాత ఇంకొకావిడ. ఆయన చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. తిట్టలేదు, పరిగెత్తలేదు. చొక్కా నల్లగా ఒంటికి అతుక్కుపోయింది. నేను పై కిటికీ దగ్గరే ఉన్నాను. కిందికి వెళ్లాల్సింది. నమూనాలు తీసే పని ఉండింది.

ఏప్రిల్ 10

పక్క ఊరి ప్లాంటు నుంచి పరీక్షకు వాడే కారకం సీసా అడిగి తెచ్చుకుని మాంగనీసు కొలిచాను. 0.9. ఉండాల్సింది 0.05 లోపు. గ్లాసులు కడిగి మళ్లీ కొలిచాను. 0.9.

మా కారకం ఫిబ్రవరి మొదటి వారంలో అయిపోయింది. తెప్పించమని ఇంజినీరుకు కాగితం పెట్టాను. రాలేదు. రెండోసారి నోటితో అడిగాను. మూడోసారి అడగలేదు. రిజిస్టర్‌లో వారం వారం 0.04 అని రాస్తూ వచ్చాను. తొమ్మిది వారాలు. అంతకు ముందు మూడేళ్లలో ఎప్పుడు కొలిచినా అంతే. కొలిస్తే మాత్రం వేరే వస్తుందా అనుకున్నాను. నీళ్లు తళతళలాడుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

నాకు రావాలి. రిజర్వాయర్ అడుగున గాలి అందని చోట మట్టిలోని మాంగనీసు నీళ్లలో కరిగిపోతుంది. కరిగాక కంటికి కనబడదు. పటిక దాన్ని ఏమీ చేయలేదు. ఫిల్టరు ఇసుకలోంచి దర్జాగా దాటిపోతుంది. చివర్లో మేం వేసే క్లోరిన్ తగిలాక, పైపుల్లో పోతూ పోతూ గట్టిపడి నల్లగా బయటపడుతుంది. ఇదంతా ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. కాలేజీలో దీని మీద నాలుగు పేజీలు రాసి క్లాసులో మొదటి మార్కు తెచ్చుకున్నాను.

ముందుగానే మందు కలిపి, కరిగినదాన్ని ట్యాంకులోనే గట్టిపడేలా చేస్తున్నాం. మూడు రోజుల్లో కుళాయిలు బాగుపడతాయి.

ఏప్రిల్ 12

నేను అబద్ధం రాయలేదు. పాత అంకె రాశాను.

ఏప్రిల్ 14

బాబాయ్‌ని సస్పెండ్ చేశారు. రాతపూర్వకమైన ఆదేశం లేకుండా మూడో తారీఖున పటిక మోతాదు పెంచినందుకట. ఆ రోజు ఎంత పెంచిందీ ఆయనే తన పటిక పుస్తకంలో నిజాయితీగా రాసిపెట్టుకున్నాడు. ఆ పక్కన అంటించి ఉండాల్సిన చీటీ లేదు. ఇంజినీరు ఆ పేజీ దొరకబుచ్చుకుని కారణం తెలిసిపోయిందన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, అందరూ తలలూపారు. నేనూ ఊపానేమో, గుర్తు లేదు.

నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే క్వార్టరు ఖాళీ చేయాలి. పంపుహౌసు వెనక రెండు గదుల క్వార్టరు అది. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే ఉంటున్నారు. పిల్లలు లేరు, ఇంకెక్కడా ఇల్లు లేదు. పంపుల చప్పుడు ఆగితే తనకు నిద్ర పట్టదని పిన్ని అంటూ ఉంటుంది.

మెట్ల దగ్గర బాబాయ్ ఎదురయ్యాడు. తేలు కుట్టిన దొంగలా నేనే తల దించుకున్నాను. కంగారు పడొద్దని, విచారణలో అన్నీ బయటికొస్తాయని నాకు ధైర్యం చెప్పి వెళ్లాడు.

ఏప్రిల్ 15

విచారణాధికారి భూముల శాఖ నుంచి వచ్చాడు. నీళ్లంటే దాహానికి తప్ప తెలియని మనిషి, కానీ తెలివితక్కువవాడు కాదు. మర్యాదగా మాట్లాడాడు. మూర్ఖుడైతే నాకు సులువుగా ఉండేది.

పటిక పెంచమని ఆపరేటర్‌కు ఎవరైనా చెప్పారా అని అడిగాడు. రాతపూర్వకంగా ఎవరూ చెప్పలేదండి అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన రాసుకున్నాడు.

తర్వాత ఫైలు తిరగేస్తూ, ఇందులో రెండు మాటలు పదే పదే వస్తున్నాయి, స్కందనం ఒకటి, అవక్షేపణం ఒకటి అన్నాడు. "రెండింటిలోనూ చివరికి ఏదో ఒకటి అడుగుకు దిగుతుంది కదండీ. మరి రెండు పేర్లెందుకు?" నోటితో చెబితే తికమక అవుతుందండి అన్నాను. ఆయన ఫైలు మూసి ఇలా అన్నాడు. "తేడా ఏమిటో ఒక్క పేజీలో, నాలాంటివాడికి అర్థమయ్యేలా రాసివ్వండి. ఆపరేటర్ తప్పుందో లేదో దాన్ని బట్టే తేలుస్తాను."

ఏప్రిల్ 16

రాశాను. ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

"మడ్డినీళ్లలో మట్టి కరగలేదు. కంటికి ఆననంత చిన్న రేణువులుగా తేలుతోంది. రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండటం వల్ల ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు. పటిక ఆ ఆవేశాన్ని తీసేస్తుంది. అప్పుడవి గుంపు కట్టి కిందికి దిగుతాయి. ఇది స్కందనం. అవక్షేపణంలో మొదట రేణువే ఉండదు. పదార్థం నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది. వేరే రసాయనం కలిపి దాన్ని మార్చినప్పుడే ఘనపదార్థంగా పుడుతుంది. కరిగి ఉన్న మాంగనీసును పటిక పట్టుకోలేదు. తక్కువ వేసినా ఎక్కువ వేసినా ఒకటే. కాబట్టి ఆపరేటర్ పటిక పెంచడానికీ నల్లనీళ్లకూ సంబంధం లేదు."

పావుగంట పట్టింది. ఇంత తేలిగ్గా ఎప్పుడూ ఏదీ రాయలేదు.

ఆ ఆఖరి వాక్యం చదివాక ఆయన ఏం అడుగుతాడో నాకు తెలుసు. కరిగినదాన్ని కనిపెట్టాల్సింది ఎవరండీ అంటాడు. రిజిస్టర్ తెప్పిస్తాడు. ఫిబ్రవరి నుంచి కారకం కొనకుండా ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయంటాడు. పటిక పెంచమన్నది మీరేనట కదా అంటాడు. అన్నిటి కిందా నా సంతకం ఉంది. నా సంతకం బాగుంటుందని అందరూ అంటారు.

చింపలేదు. మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఏప్రిల్ 17

మా ఆయనది బీమా ఆఫీసు. వచ్చిన క్లెయిముల్లో ఏవి తిరగ్గొట్టవచ్చో చూసే ఉద్యోగం. ఆయన రాసిన ఉత్తరం చదివినవాడికి తనను కాదన్నారన్న సంగతి రెండు రోజుల తర్వాత గానీ అర్థం కాదు. ఏదో వెతుకుతూ నా బ్యాగు తీసి, కాగితం చూశారు.

"చక్కగా రాశావు. నీ మెడకు సరిగ్గా సరిపోయే తాడు" అన్నారు. తర్వాత కుర్చీ లాక్కుని పెన్ను తీశారు. అబద్ధం రాయక్కర్లేదట. నిజమే రాయాలట, కాకపోతే అది ఎవరికీ అంటకుండా రాయాలట. రెండు ప్రక్రియల్లోనూ ఘనపదార్థం అడుగుకు చేరును. రెండింటిలోనూ రసాయన మోతాదుకు విశేష ప్రాధాన్యం కలదు. మోతాదులో ఆకస్మిక మార్పు నీటి నాణ్యతపై ప్రభావం చూపే అవకాశం లేకపోలేదు. ఈ 'లేకపోలేదు' అన్న మాట ఆయనకు ప్రాణం. ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క మాటతో మా ఇల్లు గడుస్తోంది.

మరి బాబాయ్ గతేమిటి అన్నాను. ఆయన ఎలాగూ రెండేళ్లలో దిగిపోయే మనిషి, నీకింకా పదిహేనేళ్లుంది అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మీకు మనసు లేదన్నాను, ఇంకా చాలా అన్నాను. భోజనం మానేసి పడుకున్నాను. ఆయన రాసిన కాగితం మాత్రం చింపలేదు. అదీ బ్యాగులోనే ఉంది.

ఏప్రిల్ 18

సాయంత్రం పిన్ని మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోకుండా గడప దగ్గరే కూలబడింది. బతిమాలడానికి వచ్చిందనుకున్నాను. బతిమాలితే నాలుగు మాటలు అనడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఆమె బతిమాలలేదు. బాబాయ్ విచారణకు ఇచ్చిన జవాబు నకలు తెచ్చింది, తప్పుల్లేకుండా రాశాడో లేదో చూడమంది. రెండే వాక్యాలు. "రసాయనం సంగతి నాకు తెలియదు. కెమిస్టుగారు ఏది రాసిస్తే అదే నా జవాబు."

పటిక పెంచమన్నది నేనని ఎందుకు రాయలేదు పిన్నీ అని అడిగాను. నా నోటితో నేనే అడిగాను.

"నేనూ అదే అడిగానమ్మా. ఆ మాట అమ్మగారే చెప్పాలి గానీ నేను ముందే చెప్తే ఆవిడ మీదకి తోసినట్టు ఉంటుంది, అన్నాడు. ఆవిడ చదువుకున్న మనిషి, ఎక్కడ ఎలా చెప్పాలో ఆవిడకి తెలుసు, నువ్వు నోరు మూసుకో అన్నాడు."

లేచి వెళ్తూ వెళ్తూ, సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టాలా అని అడిగింది. వద్దు, అవసరం రాదు అన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను.

ఏప్రిల్ 19

ఇచ్చేశాను.

ఏప్రిల్ 20

ఏది ఇచ్చానో నిన్న రాయలేదు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చదవరు, అయినా రాయలేదు.

విచారణాధికారి నా ఎదుటే రెండుసార్లు చదివాడు. అంటే పటిక మోతాదు వల్ల కూడా అయి ఉండవచ్చంటారా అని అడిగాడు. "అవకాశం లేకపోలేదండి" అన్నాను. ఆ గొంతు నాదే. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, ఇప్పుడు అర్థమైందండీ, చాలా థాంక్స్ అన్నాడు. పాపం, శ్రద్ధగా తెలుసుకుందామని వచ్చిన మనిషి. ఏమీ తెలియకుండా పంపించాను.

అయినా, ఇంజినీరు కారకం తెప్పించి ఉంటే ఇదంతా జరిగేదా? బాబాయ్ చీటీ అడిగి తీసుకుని ఉంటే? ముప్పై ఏళ్ల సర్వీసు, ఆ మాత్రం జాగ్రత్త ఉండొద్దా? తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నాకు తెలుసు. మిగతావాళ్లవి కూడా ఆయన నెత్తిన పోయడం నా ఒక్కదాని తప్పు కాదు.

ఏప్రిల్ 21

ఒక్క వాక్యం కూడా అబద్ధం కాదు. ఆఫీసు నకలు తెచ్చుకుని మళ్లీ చదివాను. ఒక్కటి కూడా కాదు.

ఏప్రిల్ 25

కొత్త ఆపరేటర్ వచ్చేదాకా పటిక నన్నే చూసుకోమన్నారు. బస్తాల గదిలోకి ఇన్నేళ్లలో నాలుగైదుసార్లు కంటే ఎక్కువ వెళ్లలేదు. బాబాయ్ కలిపే కర్ర గోడకు ఆనించి ఉంది, పట్టుకునేచోట అరిగి నున్నగా ఉంది. బస్తా ముడి విప్పడం రాక కత్తెరతో కోశాను. మధ్యాహ్నానికి వేళ్ల సందులు పగిలి మంటలు. ఎవరూ చూడటం లేదు కదా అని కలిపిన నీళ్లు చుక్క నాలుక మీద వేసుకున్నాను. నోరంతా పిడచకట్టుకుపోయింది. మోతాదు ఏమీ తెలియలేదు.

క్వార్టరు తలుపు తీసే ఉంది. అటు వెళ్లలేదు.

ఏప్రిల్ 27

మాంగనీసు 0.04. కొలిచి రాశాను.

మే 2

ఇంజినీరు ల్యాబ్‌కు వచ్చాడు, తనంతట తానుగా. కారకాలన్నీ ఏడాదికి సరిపడా ఆర్డరు పెట్టాడట. మాంగనీసు కొలవడానికి కొత్త యంత్రం కూడా వస్తోందట. వెళ్లేముందు, మీ నివేదిక చూశాను, చాలా సమతూకంగా ఉంది అన్నాడు. తర్వాత బల్ల మీది జాడీ ఒకటి ఎత్తి చూసి, నీళ్లు బాగున్నాయే అన్నాడు. అది పంపు నుంచి వచ్చిన, ఇంకా ఏమీ కలపని నీళ్లు. నేను నవ్వాను. నవ్వగలనని తెలిసి నామీద నాకే అసహ్యం వేసింది.

మే 6

ఆర్డరు వచ్చింది. "కెమిస్టు సమర్పించిన సాంకేతిక నివేదికను, సదరు నివేదికతో సంపూర్ణంగా ఏకీభవిస్తూ ఆపరేటర్ స్వయంగా ఇచ్చిన రాతపూర్వక అంగీకారాన్ని పరిశీలించిన మీదట" ఉద్యోగం నుంచి తొలగించారు. పది రోజుల్లో క్వార్టరు ఖాళీ చేయాలి.

నేను రాసింది ఆయన ఒప్పుకోలు అయింది. పిన్ని ఆ రెండు వాక్యాలు చూపించిన రోజే ఇలా అవుతుందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను. ఇంతవరకు ఈ మాట రాయలేదు, ఇవాళ రాస్తున్నాను.

ఆయన వచ్చి నన్ను తిడితే బాగుండును.

మే 9

పదకొండింటికి బాబాయ్ తాళాలు అప్పగించడానికి వచ్చాడు. యూనిఫారం లేకుండా ఆయన్ని చూడటం ఇదే మొదటిసారి. ఇస్త్రీ చేసిన చారల చొక్కా, పైదాకా బొత్తాలు. చిక్కిపోయాడు. పటికగది తాళం, బస్తాల గది తాళం, క్వార్టరుది ఒకటి, మూడూ బల్ల మీద పెట్టి ఏది ఏదో చెప్పాడు. బస్తాల గది తాళం కాస్త పైకెత్తి తిప్పాలట. పిన్ని తమ్ముడి దగ్గర ఒక గది ఇస్తామన్నారని, సామాన్లు నిన్ననే వెళ్లిపోయాయని చెప్పాడు. కూర్చో బాబాయ్ అన్నాను. కూర్చున్నాడు.

కాసేపు జాడీల వైపు చూసి, మెల్లగా అన్నాడు. "ఒక్కటి అడుగుతానమ్మా, ఏమీ అనుకోకండి. మీరు రాసిచ్చిన కాగితం ఒకసారి చదివి వినిపిస్తారా? ఆర్డరు ముక్క నా బుర్రకి ఎక్కలేదు. నేను చేసిన తప్పేంటో తెలుసుకుని పోదామని."

నకలు సొరుగులోనే ఉంది. లేదని చెప్పవచ్చు. ఇంజినీరు దగ్గర ఉందనవచ్చు. సొరుగు లాగి తీశాను. చేతిలో పట్టుకున్నాను. రెండు ప్రక్రియల్లోనూ ఘనపదార్థం అడుగుకు చేరును అని కళ్లకు కనబడుతోంది. వాక్యాల మీద వేలు జరుపుతూ చదవడం మొదలుపెట్టాను. మడ్డినీళ్లలో మట్టి కరగలేదు, తేలుతోంది అన్నాను. పటిక వేస్తే రేణువులు గుంపు కట్టి దిగుతాయన్నాను. కరిగిపోయినదాని సంగతి వేరు, అక్కడ గుంపు కట్టడానికి రేణువే ఉండదు, దానికి పటిక ఎంత వేసినా పనికిరాదన్నాను. ఎక్కడా తడబడలేదు. వేలు మూడో వాక్యం దగ్గర ఉండగా, ఆపరేటర్ పటిక పెంచడానికీ నల్లనీళ్లకూ సంబంధం లేదు అని ముగించాను. ఇంకా ఐదు వాక్యాలు మిగిలి ఉన్నాయి. వాటి మీద కూడా వేలు జరిపి కాగితం మడిచాను.

ఆయన తల వంచుకుని విన్నాడు. తలెత్తినప్పుడు కళ్లు తడిగా ఉన్నాయి, కానీ ముఖం తేటపడింది. ఇన్ని రోజులుగా మోస్తున్నది దింపుకున్నవాడిలా ఉన్నాడు.

"అంటే నా వల్ల కాదన్నమాట" అన్నాడు.

కాదు బాబాయ్ అన్నాను.

"ఇంత విడమర్చి రాస్తే వాళ్లకి అర్థం కాలేదా అమ్మా?"

"కాలేదు బాబాయ్."

ఆయన తల ఆడించాడు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లే, ఏం లాభం అన్నాడు. లేచి చొక్కా సరిచేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, నా ముఖం చూసి ఏమనుకున్నాడో, వెనక్కి రెండడుగులు వచ్చాడు.

"మీరు మనసులో పెట్టుకోకండమ్మా. మీ చేతిలో ఉన్నది మీరు చేశారు."

నేను అవునన్నాను.